పరుగెత్తేది కాళ్లా, కడుపా?



తనకల్లు నుంచి తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉత్తరం రాసింది. ఉత్తరం పెద్దదే గాని ప్రశ్న చిన్నది. వాళ్ల అన్న రోజూ కోడి కూయకముందే లేచి, కదిరి నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు మీద పరుగెత్తుతాడట. మొదట పోలీసు కానిస్టేబులు పరీక్ష కోసమని మొదలుపెట్టాడు. ఆ పరీక్షకు 1600 మీటర్లు పరుగెత్తితే చాలు. కాని పరుగు రుచి మరిగిన తరవాత అది ఐదు కిలోమీటర్లయింది, పదయింది, పదిహేనయింది. ఇప్పుడు హైదరాబాదు వెళ్లి మారథాను పరుగెత్తాలని ముచ్చటపడుతున్నాడు. దానితో ఇంట్లో తగాదా వచ్చింది. ఆ తగాదా ఏమిటో ఆ అమ్మాయి మాటల్లోనే చెబుతాను.

"మా అన్న మంచినీళ్లు గూడా తాగకుండా పోతాడు సార్. తింటే కాళ్లు బరువైతాయంట. మా అవ్వేమో, 'కడుపుకు లేకుండా పరుగేందిరా నాయనా, యాడన్నా పడిపోతావు' అని తలుపుకాడ అడ్డం కూర్చుంటాది. మొన్న పదిహేను కిలోమీటర్లు పోయి వచ్చి గడపలోనే కూలబడినాడు. చేతులు వణికినాయి. వాళ్లిద్దరిలో ఎవరిది నిజం సార్? నేను గూడా పరుగెత్తొచ్చునా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ముందు మన భీమవరం వాడొకడి సంగతి చెప్పాలి.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్కు పరీక్ష మూడోసారికి గాని గట్టెక్కలేదు. (పరీక్ష తప్పిన పిల్లలున్న ఇంట్లో ఈ వాక్యం కాస్త గట్టిగా చదవండి.) ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు వచ్చినవాడు తిన్న తిండి ఒంటికి పట్టదు. ముందు కూడు ఉన్నా మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుగారు వైద్యం చదివి, 1923లో ఓడెక్కి అమెరికాలో బోస్టను నగరం చేరారు. చేతిలో డబ్బు లేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకున్నారు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర పరిశోధన చేశారు. ఒంట్లో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి ఒకటి 1925లో వాళ్లిద్దరూ కనిపెట్టారు. ద్రవంలో కొన్ని మందులు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఉన్నట్టు. ప్రయోగశాలల్లో నేటికీ ఆ పద్ధతి 'ఫిస్క్–సుబ్బారావు పద్ధతి' అనే పేరుతోనే పిలవబడుతున్నది.

ఆ నీలిరంగు పట్టుకుని వాళ్లు కండలోకి తొంగిచూశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. కండ పనిచేస్తుంటే అది తరిగిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పేరుకుంటుంది! 1929లో ఏ.టి.పి. అనే ఇంకొక పదార్థాన్ని కూడా కండలోనుంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ అనే ఆయన కూడా దాన్ని విడిగా కనిపెట్టాడు. చీమ పాకినా, ఏనుగు నడిచినా, మీరు కనురెప్ప వాల్చినా ఖర్చయ్యేది ఈ ఏ.టి.పి.యే. మరే సరుకూ కండ బజారులో చెల్లదు.

కాని వింత ఏమంటే, ఈ నాణెం మన ఒంట్లో ఎప్పుడూ చిల్లరగానే ఉంటుంది. ఉన్నదంతా కలిపితే రెండు మూడు సెకన్ల గట్టి పరుగుకు సరి. ఖర్చయింది ఖర్చయినట్టే మళ్లీ తయారు కావాలి. ఎక్కడినుంచి? ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసుకున్న డబ్బు లాంటిది, పది సెకన్లు ఆదుకుంటుంది. వంద మీటర్ల పందెంలో దీని సాయం పెద్దది. తరవాత గాదె తెరవాలి. ఆ గాదెలో ఉన్న గింజల పేరు గ్లైకోజెన్. మనం తిన్న సంగటి, అన్నం, జొన్నరొట్టె, బెల్లం అన్నీ చక్కెరగా మారి, ఆ చక్కెర గొలుసులు గొలుసులుగా పేరుకుని గ్లైకోజెన్ అవుతుంది. ఇక అన్నిటికన్నా అడుగున పాతర ఉన్నది. కరువు రోజులకని మన పెద్దలు నేల తవ్వి ధాన్యం దాచేవారే, అటువంటి పాతర. అది కొవ్వు.

పాతర చాలా పెద్దది. సన్నటి కుర్రవాడి ఒంట్లో కూడా ఐదారు కిలోల కొవ్వు ఉంటుంది. అంటే నలభై వేల కిలో కేలరీలకు పైమాటే. గాదె మాత్రం చిన్నది. కండలన్నిటిలో కలిపి మూడువందల యాభై, నాలుగువందల గ్రాములు, కాలేయంలో ఒక వంద గ్రాములు. గ్రాముకు నాలుగు కిలో కేలరీల చొప్పున లెక్క వేస్తే రెండు వేలు దాటదు.

మరి పాతర అంత పెద్దదైతే దానితోనే పరుగెత్తకూడదా అంటారేమో! పాతర తవ్వడానికి పొద్దు పడుతుంది గదా. కొవ్వును మండించి ఏ.టి.పి. చేసే పని నిదానంగా సాగుతుంది, ప్రాణవాయువు కూడా ఎక్కువ కావాలి. నడకకు అది చాలు. వేగం పెరిగినకొద్దీ కండ గాదె వైపే చెయ్యి చాస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి అన్న లెక్క చూద్దాం. మనిషి పరుగెత్తితే కిలోమీటరుకు, తన బరువులో కిలో ఒక్కింటికి, సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. ఇది గుర్తు పెట్టుకోవటం తేలిక. కుర్రవాడు 55 కిలోలు ఉన్నాడనుకోండి. ఐదు కిలోమీటర్లకు 275. రాత్రి కడుపునిండా తిన్నవాడికి అది లెక్కలోది కాదు. అందుకని ఐదు కిలోమీటర్ల వరకు అన్న మాటే నిజం. తిని వెంటనే పరుగెత్తితే నెత్తురు కడుపుకు పోవాలా, కాళ్లకు పోవాలా అని తన్నులాట. డొక్కలో పోటు వస్తుంది.

పదిహేను కిలోమీటర్లకు 825. గాదెలో రెండు వేలు ఉన్నప్పుడు 825కే ఎందుకు కూలబడ్డాడు? ఇక్కడొక చిక్కు ఉన్నది. కండలోని గాదెకు బయటి తలుపు లేదు. కాలి కండలో దాచిన గ్లైకోజెన్ ఆ కండకే పనికివస్తుంది, నెత్తుట్లోకి తిరిగి చక్కెరగా రాలేదు. నెత్తుట్లోకి చక్కెర పంపే తలుపు కాలేయానికి ఉన్నది. మెదడుకు కావలసిన చక్కెర నెత్తుట్లోనుంచే రావాలి. మెదడు మనం నిద్రపోతున్నప్పుడు కూడా తింటూనే ఉంటుంది! రాత్రి ఏడు గంటలకు తిని పడుకున్నవాడు తెల్లవారి ఐదింటికి లేచేసరికి కాలేయంలోని నిల్వలో సగానికి పైగా ఖర్చయిపోయి ఉంటుంది. ఆ మిగిలిన కాస్తా పదిహేను కిలోమీటర్లలో ఊడ్చుకుపోతే నెత్తుట్లో చక్కెర పడిపోతుంది. చేతులు వణకటం, చెమటలు పట్టటం, కళ్లు తిరగటం, పట్టరాని ఆకలి, ఇవన్నీ దాని గుర్తులు. దానికి తోడు నీళ్లు కూడా తాగలేదన్నావు గదా అమ్మా! కాళ్లలో బలం ఉండగానే మనిషి కూలబడటానికి కారణం ఇది. కనుక పదిహేను కిలోమీటర్ల దగ్గర అవ్వ మాట నిజం. (తిని వెళ్లినా మళ్లీ ఇదేవిధంగా వణుకు వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.)

ఇది ఊహ కాదు. సుబ్బారావుగారు బోస్టనులో కాలుపెట్టిన మరుసటి ఏడు, 1924లో, అదే ఊళ్లో లెవీన్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ మారథాను పరుగు ముగించినవాళ్ల నెత్తురు పరీక్షించారు. వాడిపోయి, మాట తడబడి, పాలిపోయి చేరినవాళ్ల నెత్తుట్లో చక్కెర బాగా తగ్గి ఉన్నది. కులాసాగా చేరినవాళ్లలో అంతగా తగ్గలేదు. 1925లో అదే పందెంలో కొందరికి ముందునుంచీ పిండివంటకాలు ఎక్కువ తినమని చెప్పి, దారిలో చప్పరించడానికి మిఠాయి బిళ్లలు ఇచ్చారు. వాళ్లు చక్కగా చేరుకున్నారు, నెత్తుట్లో చక్కెర కూడా నిలబడింది. అంతకుముందు పరుగుదార్లు దారిలో తినటం అపచారం అనుకునేవారు. కొందరైతే సారాయి తాగేవారు కూడాను!

ఇంకొక ప్రయోగం చెబితే మీరు నవ్వుతారు. స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రామ్, హుల్ట్‌మన్ అని ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. 1966 ప్రాంతంలో వాళ్లు ఒకే సైకిలుకు చెరొకవైపు కూర్చున్నారు. కదలని సైకిలు లెండి, ప్రయోగశాలలోది. ఒకాయన కుడికాలుతో, ఇంకొకాయన ఎడమకాలుతో, చెరొక పెడలూ తొక్కారు. అలిసిపోయేదాకా తొక్కారు. ఇద్దరికీ ఒక కాలు అలిసింది, ఒక కాలు ఖాళీగా ఉన్నది. తరవాత సన్నని సూదితో రెండు కాళ్లనుంచీ గోరంత కండ తీసి పరీక్షించారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు సున్న. తొక్కని కాలిలో ఎప్పటిలాగే ఉన్నది. తరవాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిన్నారు. మళ్లీ చూస్తే తొక్కిన కాలిలో గ్లైకోజెన్, తొక్కని కాలికి సుమారు రెట్టింపు చేరింది!

దీనివల్ల ఏమి తెలిసింది? తిండి ఒక్కటే ఐతే గాదె పెరగదు. పరుగు ఒక్కటే ఐతే గాదె నిండదు. పనిచేసిన కండే, తిండి దొరికినప్పుడు, గాదెను విశాలం చేసుకుంటుంది. వేరుశెనగ ఒలిచిన చేతికి వేరుశెనగ బలం రాదు గాని, పరుగెత్తిన కాలికి సంగటి బలం వస్తుంది.

సంగటి అన్నాను గనక ఆ సంగతి చూద్దాం. నేడు ప్రపంచంలో దూరపు పరుగులో మేటి అనిపించుకున్నది ఆఫ్రికాలోని కెన్యా. అక్కడి పరుగుదార్లు ఏమి తింటారో ఒకసారి శాస్త్రజ్ఞులు తూచి రాశారు. 2004లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, వాళ్లకు వచ్చే శక్తిలో నూటికి 76 పాళ్లు పిండిపదార్థాలనుంచే. వాళ్ల ముఖ్యమైన తిండి ఉగాలి. ఉగాలి అంటే ఏమో అనుకోకండి. మరిగే నీళ్లలో మొక్కజొన్న పిండి పోసి, కట్టెతో గెలికి, గట్టిపడ్డాక ముద్ద చేసేది. తనకల్లు అవ్వ చూస్తే, "ఇదేందబ్బా, మన సంగటే గదా, రాగిపిండి లేక జొన్నపిండి ఏసినారు" అంటుంది. ఆ ఉగాలి ఆకుకూరతో తింటారు. పాలు పోసి టీ కాచి చక్కెర దండిగా వేసుకుని తాగుతారు. అంతే.

రాగిపిండి నూరు గ్రాముల్లో పిండిపదార్థం 65, 70 గ్రాములు ఉంటుంది. ఎముకలకు కావలసిన సున్నం 340 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. బియ్యంలో ఇందులో పదోవంతు కూడా లేదు. పరుగులో ప్రతి అడుగుకూ ఎముక మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు దెబ్బ పడుతుంది. సున్నం చాలని ఎముక అక్కడక్కడ సన్నగా చిట్లుతుంది. కాబట్టి దుకాణంలో రంగు డబ్బాల్లో అమ్మే పొడులు చూసి తండ్రులు దిగులుపడనక్కరలేదు. ఇంటి అటకమీద ఉన్న రాగుల మూట చాలు.

కాని ఎప్పుడు తినాలన్నది అసలు కీలకం. సంగటి ముద్ద అరగటానికి మూడు గంటలు పడుతుంది. కనుక దాని చోటు రాత్రి భోజనంలో. రేపు దూరపు పరుగు ఉన్నదంటే ఈ రాత్రి సంగటి, పప్పు, ఆకుకూర తృప్తిగా తినాలి. ఉలవచారు కూడా మంచిదే గాని, పందెం ముందురోజు వద్దు. కారణం మీరే ఊహించుకోండి. తెల్లవారి లేచాక ఒక అరటిపండో, నిమ్మకాయంత బెల్లంముక్కో తిని, గ్లాసెడు నీళ్లు తాగి, అరగంట ఆగి బయలుదేరాలి. కాలేయానికి అది చాలు. పలచని అంబలి అలవాటున్నవాళ్లు అదే తాగవచ్చు.

గంటలోపల ముగిసే పరుగుకు దారిలో ఏమీ అక్కరలేదు. గంటన్నర దాటేదైతే గంటకు 30 నుంచి 60 గ్రాముల చక్కెర ఒంట్లో పడాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములు ఉంటుంది. పది గ్రాముల బెల్లంలో దాదాపు తొమ్మిది. అరగంటకొక పండు, లేదా రెండు ఉసిరికాయలంత బెల్లం, నీళ్లతో కలిపి. ఆకలి వేశాక తింటే ఆలస్యమే. ముందునుంచీ కొద్దికొద్దిగా తినాలి. ఇది కూడా కసరత్తు లాంటిదే. పరుగెత్తుతూ తినటం కడుపుకు నేర్పాలి. పందెం రోజున కొత్త తిండి తిని రోడ్డు పక్క కూర్చున్నవాళ్లు చాలామంది.

55 కిలోల మనిషికి 42 కిలోమీటర్ల మారథాను అంటే 2300 కిలో కేలరీలు. గాదెలో 2000 లోపే. చూశారా! ముప్పై, ముప్పైరెండు కిలోమీటర్ల దగ్గర ఎంతటివాడికైనా కాళ్లు బండరాళ్లు అవటానికి కారణం ఈ మూడువందల తేడాయే. పరుగుదార్లు దాన్ని 'గోడ' అంటారు.

మన చెనక్కాయలను మరిచిపోయాననుకోకండి. అనంతపురం సీమలో పుట్టిన దానికి అన్యాయం చేస్తే ఎట్లా? వేరుశెనగలో నూటికి 25 పాళ్లు మాంసకృత్తులు, ఇంచుమించు సగం నూనె. నూనె కడుపులో చాలాసేపు కూర్చుంటుంది. అందుకని పరుగుకు ముందు వద్దు. పరుగెత్తి వచ్చాక, అరగంట గంటలోపల, గుప్పెడు చెనక్కాయలు బెల్లంతో తినండి. చిరిగిన కండ కుట్టుకోవటానికి మాంసకృత్తులు, ఖాళీ అయిన గాదెకు బెల్లం. తరవాత ఊరిబిండి వేసుకుని ముద్ద తింటే ఇంకేమి కావాలి!

ఇక నీళ్లు. తనకల్లు సీమలో నీటి విలువ చెప్పటానికి నేనెవణ్ణి? పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తానుంచి ఇంతదూరం వచ్చేసరికి ఖాళీ అవుతాయి. అనంతపురం సీమకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఈ ఎర్రనేల మీద పరుగెత్తాలని స్పెయిన్ దేశంనుంచి మనుషులు వచ్చారంటే నమ్ముతారా? విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన ఆర్.డి.టి. సంస్థకు తోడ్పాటుగా వాళ్లిక్కడ అల్ట్రా మారథాను పరుగెత్తారు. అల్ట్రా మారథాను అంటే మారథానును మించినది.

పొడిగాలిలో ఒక మోసం ఉన్నది. కోస్తాలో చెమట కారి చొక్కా తడుస్తుంది గనక మనిషికి తెలుస్తుంది. ఇక్కడ చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడటానికి అది మంచిదే. కాని ఎంత నీరు పోయిందో తెలియదు. చొక్కా వీపున, నల్ల టోపీ అంచున తెల్లటి ఉప్పుచారలు కనపడతాయే, అవే సాక్ష్యం. గంటకు అర లీటరు మొదలు లీటరు దాకా, ఎండలో ఇంకా ఎక్కువ కూడా పోవచ్చు.

ఎంత తాగాలి? దప్పిక వేసినప్పుడు వేసినంత. మంచిదే గదా అని కడవలు తాగరాదు. నెత్తుట్లో ఉప్పు పలచబడితే మెదడు వాస్తుంది, ప్రాణానికే ముప్పు. 2002లో బోస్టను మారథాను ముగించిన 488 మందిని పరీక్షిస్తే నూటికి 13 మందికి నెత్తుట్లో ఉప్పు తగ్గి ఉన్నది. నిదానంగా పరుగెత్తుతూ ప్రతి మలుపులోనూ నీళ్లు తాగినవాళ్లే అందులో ఎక్కువ.

గంటకు మించిన పరుగులో నీళ్లతోపాటు చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర కలిపితే నీరు త్వరగా ఒంటికి పడుతుంది. పేగు గోడలో ఒక చిన్న ద్వారం ఉన్నది. ఉప్పూ చక్కెరా జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది, వాటివెంట నీరు లోపలికి పోతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు 1960లో ఈ సంగతి చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి భయపడి వచ్చిన కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు–చక్కెర నీళ్లతోనే వేలమంది ప్రాణాలు నిలబెట్టాడు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. పరుగుదారుకు నిమ్మరసం కూడా పిండవచ్చు. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగకు సాటి లేదు.

కసరత్తు గురించి రెండు మాటలే చెబుతాను. ఏమంటే అది చెబితే వచ్చేది కాదు. నిదానంగా పరుగెత్తండి. పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా. కుర్రవాళ్లకు ఇది నామోషీ. రోజూ రొప్పుతూ వస్తేనే పని జరిగిందనుకుంటారు. కాని నిదానపు పరుగులోనే కండలో మైటోకాండ్రియా అనే చిన్నచిన్న పొయ్యిలు పెరుగుతాయి. 1967లో హాలజీ అనే ఆయన ఎలుకలను కొన్ని వారాలపాటు కదిలే పట్టీ మీద పరుగెత్తించి, వాటి కండలో ఈ పొయ్యిల శక్తి రెట్టింపు అయినట్టు చూపించాడు. పొయ్యిలు ఎక్కువైతే కండ పాతరలోని కొవ్వును కూడా జోరుగా వాడుకోగలుగుతుంది. గాదె ఎక్కువసేపు నిలుస్తుంది. వారంలో ఒకటి రెండు రోజులు వేగంగా, ఒకరోజు దూరం, ఒకరోజు పూర్తి విశ్రాంతి. దూరం వారానికి ఒకటి రెండు కిలోమీటర్లకు మించి పెంచకూడదు. ఎమిల్ జటోపెక్ 1952లో హెల్సింకి ఒలింపిక్సులో ఐదువేల మీటర్లు, పదివేల మీటర్లు గెలిచి, అంతవరకు ఎన్నడూ పరుగెత్తని మారథాను కూడా గెలిచాడు. నిజమే. కాని దాని వెనక ఎన్నో ఏళ్ల సాధన ఉన్నది. ఆ కథలో పందెంనాటి పేజీ ఒక్కటే చదివి బూట్లు కట్టుకోకూడదు.

బూట్లంటే గుర్తుకొచ్చింది. మన సైన్యంలో పనిచేసిన శివనాథ్ సింగ్ వట్టి కాళ్లతో పరుగెత్తిన మనిషి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సు మారథానులో పదకొండోవాడుగా వచ్చాడు. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. ఆ రికార్డును నలభై ఏళ్లకు పైగా మనదేశంలో ఎవ్వరూ దాటలేకపోయారు. బూట్లు లేవని బాధపడే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవచ్చు. కాని జాలిముళ్లు ఉన్న బాటలో మాత్రం చెప్పులో బూట్లో ఉండాలి.

అమ్మాయి చివర అడిగిన ప్రశ్న ఇక తల్లిదండ్రులు కూడా వినాలి.

2006 మే 2న ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పసివాణ్ణి పూరీనుంచి భువనేశ్వరం దాకా పరుగెత్తించారు. 65 కిలోమీటర్లు, ఏడు గంటలు, మే నెల ఎండ. పత్రికలు ఆహా అన్నాయి. బాలుడు చివరికి కుప్పకూలాడు. డాక్టర్లు పరీక్షించిన తరవాత ప్రభుత్వం వాడి దూరపు పరుగులు ఆపివేసింది. పసివాడి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, ఎముకల చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది, గాదె చిన్నది. అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్లు చప్పట్లు కొడుతుంటే 'నావల్ల కాదు' అని చెప్పటం పిల్లవాడికి తెలియదు. బోస్టను మారథానుకు 18 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వరు. బొంబాయి మారథానులోనూ అంతే. అది సరైన నియమం.

కనుక అమ్మా, నువ్వు తప్పకుండా పరుగెత్తవచ్చు. నీ వయస్సుకు మూడు, నాలుగు, నెమ్మదిగా ఐదు కిలోమీటర్లు చాలు. నీకు నచ్చినంతకాలం. కాని ఒక సంగతి నీకూ, మీ అమ్మకూ చెప్పాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనదేశంలో 15నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నెత్తుట్లో ప్రాణవాయువును మోసేది ఇనుము ఉన్న హీమోగ్లోబిన్. అది తక్కువైతే గాదె నిండా గింజలున్నా పొయ్యి మండదు. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, ఎంత పరుగెత్తినా ముందుకు సాగకపోయినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెత్తురు పరీక్ష చేయించుకో. ఆకుకూర, అలసందలు, ఉలవలు తిని, పైన నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. బడిలో ఇచ్చే ఇనుపమాత్రలు పారవేయకు! ఇంకొకటి, పరుగెత్తే ఆడపిల్ల సన్నబడాలని తిండి తగ్గిస్తే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. నెలసరి ఆగిందంటే ఒళ్లు 'నాకు తిండి చాలటంలేదు' అని చెప్పటమే. అప్పుడు పరుగు తగ్గించి, ముద్ద పెంచి, డాక్టరుకు చూపించాలి. అన్నకు రెండు ముద్దలు, చెల్లెలికి ఒకటి అనే ఇంట్లో ఈ పేజీ తండ్రిగారు చదవటం అవసరం.

పెద్ద పిల్లలకు ఈ నెల ఒక ప్రయోగం. మీ ఊళ్లో చెనక్కాయలు తూచే కాటా ఉంటుంది గదా, లేదా ఆరోగ్య కేంద్రంలో తూకపు యంత్రం ఉంటుంది. పరుగుకు ముందు ఒకసారి, వచ్చాక చెమట తుడుచుకుని ఒకసారి, అవే బట్టలతో తూగండి. మధ్యలో నీళ్లు తాగి ఉంటే ఎన్ని గ్లాసులో రాసుకోండి. తగ్గిన బరువుకు తాగిన నీటి బరువు కలపండి. ఒక లీటరు నీరు ఒక కిలో. వచ్చినది మీ చెమట. ఒకనాడు సూర్యుడు పొడవకముందు, ఇంకొకనాడు ఎనిమిది గంటల ఎండలో, అంతే దూరం, అంతే నిదానంగా పరుగెత్తి చూడండి. దూరం రెండు కిలోమీటర్లు మించవద్దు. పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలి. రెండు లెక్కలూ కార్డు మీద రాసి నాకు పంపండి. తనకల్లు అన్న కూడా తన లెక్క పంపితే, ఆయన మారథానుకు నీళ్లు ఎక్కడెక్కడ తాగాలో పై నెలలో లెక్క వేసి చెబుతాను.